ఆకేరు నుంచి అఖాతం దాకా

బంగాళాఖాతపు అడుగున యుగయుగాలుగా పేరుకున్న అడుసులో నివసించే, కంటికి కనబడని జీవులను వెలికితీసి, వాటి దేహంలో దాగిన ఔషధద్రవ్యాలను వెదకడమనే దీర్ఘవ్రతాన్ని ఏళ్ల తరబడి ఆచరించి, ఆ వ్రతఫలాన్ని తేటతెలుగులో గ్రంథరూపంగా మన చేతుల్లో పెట్టిన ఈ చిరంజీవిని, నా దగ్గర ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదువుకున్న నాటికి సముద్రాన్ని చూసి ఎరుగదు. మరిపెడ నుంచి ఒక దారి ఖమ్మం పోతుంది, ఒక దారి వరంగల్లు పోతుంది. మచిలీపట్నపు తీరం సూటిగా కొలిస్తే ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. పత్తి, మిరప, చెరువు కింద నాలుగు మళ్ల వరి తప్ప వేరే లోకం తెలియని మా ఊరి నుంచి కడలిగర్భాన్ని గాలించే పరిశోధకురాలు బయలుదేరడమేమిటని ఎవరైనా విస్తుపోతే వారిని తప్పుపట్టలేను. ఈ గ్రంథం రాతప్రతిని రెండుమార్లు చదివిన తరువాత మాత్రం నాకు ఆ విస్మయం మిగలలేదు. ఎందుకు మిగలలేదో చెప్పడమే ఈ ముందుమాటకు పని.

గ్రంథకర్త్రి కుమ్మరి ఇంటి ఆడపడుచు. తాత, తండ్రి ఇరువురూ సారె తిప్పి బతికినవారు. మన్నును నోట్లో వేసుకుని రుచి చూసి, వేళ్ల మధ్య నలిపి, ఇది కుండకు పనికివచ్చేదో బొమ్మకు పనికివచ్చేదో, ఏ చెరువు పూడికో, ఎంత ఇసుక కలపాలో చెప్పగలిగిన విద్య ఆ ఇంట్లో తరతరాలుగా ఉంది. దానికి పట్టా లేదు, గ్రంథం లేదు, ఉన్నదల్లా అభ్యాసం. ఈ అమ్మాయి పరిశోధనలో ప్రథమపాదం కూడా సరిగ్గా అదే కావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. మరపడవ మీద నుంచి రెండు ఇనుపదవడల పనిముట్టును తాటితో దించి, అది నేలను కరచి పైకి తెచ్చిన ముద్దను సీసాల్లోకి ఎత్తుకోవడం, దాని రంగునూ జిగటనూ చూసి ఏ లోతు నుంచి వచ్చిందో నమోదు చేసుకోవడం, ఆరబెట్టి నూరి పలుచన చేయడం: ఇంతవరకు జరిగేది మన్ను పనే. మొదటిసారి పడవ ఎక్కిన రోజున కడుపులో తిప్పి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తలెత్తలేకపోయానని ఆమె రెండో అధ్యాయంలో దాపరికం లేకుండా రాసుకున్నది. ఆ వాక్యాన్ని తీసివేయమని ఎవరో సలహా ఇచ్చారట. ఉంచమని నేనన్నాను.

తరువాతి ఘట్టాలను ఆమె వివరించిన తీరు ఉపాధ్యాయవృత్తిలో జుట్టు నెరసిన నావంటివాడికి కూడా నేర్చుకోదగినది. అడుసులో కోటానుకోట్ల బాక్టీరియాలుంటాయి. వాటిలో మనకు కావలసిన ఆక్టినోమైసీట్లు నిదానంగా పెరిగే జాతి, తక్కినవి ఆబగా పెరిగి వాటిని మింగివేస్తాయి. అందువల్ల మన్నును కొంతసేపు వెచ్చచేస్తారు; ఆక్టినోమైసీట్ల సిద్ధబీజాలు ఆ వేడికి ఓర్చుకుంటాయి, దుడుకు బాక్టీరియాలు చాలావరకు చస్తాయి. బూజు లేవకుండా నిస్టాటిన్ వంటి మందు కలిపి, పిండిపదార్థమూ కేసీనూ వేసిన అగార్‌ను సముద్రజలంతో కాచి పెట్రి పాత్రల్లో పోసి, దాని మీద ఈ పలుచని మన్నునీటిని పరిచి, 28 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఎదురుచూస్తారు. మామూలు బాక్టీరియా రాత్రికి రాత్రే కనబడుతుంది. వీటిలో కొన్ని మూడో వారానికి గాని తలెత్తవు. ఎత్తినప్పుడు సుద్దపొడి చల్లినట్టు తెల్లగానో, బూడిదరంగుగానో, అరుదుగా నారింజరంగుగానో, అగార్‌లోకి వేళ్లు దిగినట్టు గట్టిగా పట్టుకుని ఉంటాయి. సూదితో గీకితే ఊడిరావు.

విశాఖపట్నంలో ఆమె పనిచేసిన ప్రయోగశాలకు ఒకసారి వెళ్లాను. ఇంక్యుబేటర్ తలుపు తీసిన క్షణాన ఒక పరిమళం గుప్పున వచ్చింది. "ఏం వాసన సార్ ఇది, గుర్తువట్టిండ్రా?" అని అడిగింది, పక్కనున్న తోటి పరిశోధకులు నవ్వుతుండగా. గుర్తుపట్టకేం! మృగశిర కార్తెలో ఎండిన చెలక మీద తొలివాన పడినప్పుడు మరిపెడ మొత్తం మీద లేచే వాసన అది. జియోస్మిన్ అనే ఆ ద్రవ్యానికి 1965లో గెర్బెర్, లెషెవాలియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. దానిని పుట్టించేవి ప్రధానంగా స్ట్రెప్టోమైసిస్ జాతి ఆక్టినోమైసీట్లే. ముప్పై ఏళ్లు ఈ పాఠం నల్లబల్ల మీద చెప్పినవాణ్ణి. ఆ వాసన సముద్రగర్భం నుంచి తెచ్చిన పాత్రలో నుంచి వస్తుందని ఊహించలేదు.

ఇక్కడే ఈ గ్రంథానికి ఆయువుపట్టయిన ప్రశ్న ఉంది. మరిపెడ పక్క నుంచి పారే ఆకేరు మున్నేరులో కలుస్తుంది, మున్నేరు కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏటా వానాకాలం ఎర్రనీళ్లతో పాటు మా చెలకల మన్నును, ఆ మన్నులోని సిద్ధబీజాలను తీసుకుపోయి బంగాళాఖాతంలో పోస్తుంది. మరైతే తీరం దగ్గరి అడుసులో దొరికిన స్ట్రెప్టోమైసిస్ సముద్రపు బిడ్డా, లేక ఆకేరు వెంట కొట్టుకుపోయి అక్కడ నిద్రపోతున్న మన ఊరి బిడ్డా? దశాబ్దాల పాటు ప్రపంచంలోని పెద్దలు చాలామంది రెండో మాటే నిజమనుకున్నారు. సముద్రంలో దొరికేవన్నీ నేల నుంచి కొట్టుకువచ్చిన నిద్రాణ బీజాలే, వాటికోసం పడవలెక్కడం దండుగ అన్నారు. 1984లో హెల్మ్కే, వైలాండ్ అనే శాస్త్రజ్ఞులు రోడోకాకస్ మారినోనాసెన్స్ అనే సముద్రజాతిని వర్ణించి ఆ అభిప్రాయానికి తొలి బీట పెట్టారు. 1991లో కాలిఫోర్నియా స్క్రిప్స్ సంస్థకు చెందిన జెన్సెన్, ఫెనికల్ బృందం బహామా దీవుల అడుసులో కనుగొన్న జీవులు, తరువాత 2005లో సాలినిస్పోరా అని నామకరణం పొందినవి, ఆ వాదాన్ని తేల్చివేశాయి: వాటికి సముద్రజలం లేనిదే ఎదుగుదల లేదు. మంచినీళ్లతో కాచిన అగార్ మీద వేస్తే మొలకెత్తవు. అంటే అవి అతిథులు కావు, ఆ ఇంటివారే. ఆ జాతి నుంచి 2003లో వెలువడిన సాలినోస్పోరమైడ్ ప్రతిజీవకంగా కాక కాన్సర్ మందు పరీక్షల దాకా వెళ్లడం వేరే కథ.

ఈ వివాదాన్ని గ్రంథకర్త్రి నడిపిన పద్ధతి నాకు మిక్కిలి నచ్చింది. తాను వేరుచేసిన జీవుల్లో ఎన్నో మంచినీటి అగార్ మీద కూడా హాయిగా పెరిగాయని, వాటిని సముద్రజాతులని పిలవడానికి తనకు మనసొప్పలేదని, కొన్ని మాత్రమే ఉప్పునీటిని కోరాయని స్పష్టంగా చెప్పుకుంది. తన పంటను తానే తూర్పారబట్టుకునే నిజాయితీ పరిశోధకుల్లో ఉండవలసినంత విరివిగా లేదు.

ఇక పరంపర విషయం. వంశాన్ని చెప్పకుండా విద్యను ప్రశంసించడం మన సంప్రదాయం కాదు. మన్ను నుంచి మందు తీసే విద్యకు ఆధునికకాలంలో మూలపురుషుడు వాక్స్‌మన్. ఆయన ప్రయోగశాలలో 1943లో షాట్జ్ చేతుల మీదుగా స్ట్రెప్టోమైసిన్ పుట్టింది, 1949లో నియోమైసిన్ పుట్టింది. ఆ దారిలోనే, డెబ్బై ఏళ్లు దాటి ఉద్యోగవిరమణ చేసిన డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి చేరదీసి, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథ్యం వహించిన మహనీయుడు మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. మిజోరి రాష్ట్రపు సాన్‌బోర్న్ క్షేత్రం నుంచి తెప్పించిన మన్నులోని బంగారువన్నె స్ట్రెప్టోమైసిస్ నుంచి అరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ల వంశానికి అది ఆదిబిడ్డ. దానిని లోకానికి ప్రకటించిన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరిట సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. డెబ్బై దాటాక డగ్గర్ చేసిన పనిని తలచుకున్నప్పుడల్లా, అదే వయసులో నేను చేస్తున్నది పీఠికలు రాయడమే కదా అని కొంచెం సిగ్గుపడుతుంటాను.

ఈ విద్య మన తీరానికి ఎప్పుడు చేరిందో చాలామంది తెలుగువారికి తెలియదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. సాంబమూర్తి, పి. ఎల్లయ్య గార్లు నియోమైసిన్‌ను ఉత్పత్తి చేసే ఒక కొత్త స్ట్రెప్టోమైసిస్‌ను వర్ణిస్తూ 1974లో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ వారి పత్రికలో వ్యాసం ప్రకటించారు. దానికి పెట్టిన పేరు స్ట్రెప్టోమైసిస్ మారినెన్సిస్, పేరులోనే సముద్రముంది. ఎల్లయ్యగారు ఎ.పి.సి. రెడ్డిగారితో కలిసి విశాఖ తీరపు సముద్రగర్భ అవక్షేపాల నుంచి ఆక్టినోమైసీట్లను వేరుచేసిన వ్యాసం 1987 నాటిది; కాకినాడ తీరం మీద వారి శిష్యబృందంతో చేసిన పరిశీలన 2004 నాటిది. ఇవి పెద్ద పెద్ద అక్షరాలతో పత్రికల్లో వచ్చిన వార్తలు కావు. స్క్రిప్స్ సంస్థకున్న ఓడలు గాని, ధనం గాని వీరికి లేవు. అయినా ప్రపంచంలో పెద్దలు ఇంకా వాదులాడుకుంటున్న రోజుల్లోనే మనవారు అడుసు తోడి పాత్రల్లో పరచి చూస్తున్నారు.

ప్రశంస చేసేటప్పుడు తక్కెడ వంగకూడదు గనక మరొక మాట. మారినెన్సిస్ ఇచ్చిన నియోమైసిన్ అప్పటికే పాతికేళ్ల నాటిది, నేల మన్నులో వాక్స్‌మన్ కనుగొన్నదే. దొరికినదే మళ్లీ దొరకడం ఈ శాస్త్రానికి పట్టిన శని. వెయ్యి పాత్రలు పరిచి, ఏళ్లు గడిపి, చివరికి యంత్రంలో పెట్టి చూస్తే పాత చుట్టమే తలుపు తెరుస్తుంది. కడలి వైపు తిరగడానికి అసలు కారణమే ఇది: ఉప్పు, చీకటి, నీటిబరువు, నేల మీద లేని బ్రోమిన్ సమృద్ధి, వీటి మధ్య బతికే జీవి చేసే రసాయనం కూడా వేరుగా ఉండవచ్చుననే ఆశ. 1966లో బర్క్‌హోల్డర్ ప్యూర్టోరికో సముద్రపు బాక్టీరియా నుంచి తీసిన పదార్థంలో బరువుకు డెబ్బై శాతానికి పైగా బ్రోమినే. అటువంటిది చెలక మన్ను ఇవ్వదు.

ఈ ఆశ వట్టిది కాదని చూపే ఉదాహరణను గ్రంథకర్త్రి అయిదో అధ్యాయంలో విస్తారంగా చెప్పింది. నేనూ దాని దగ్గర కాసేపు ఆగుతాను, అందులో సుబ్బారావుగారి నీడ ఉన్నది కాబట్టి. జపాన్ సముద్రంలో 289 మీటర్ల లోతు నుంచి తీసిన అడుసులో దొరికిన ఒక ఆక్టినోమైసీట్ ఇచ్చిన అబిస్సోమైసిన్‌ను 2004లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. బాక్టీరియా తన ఫోలిక్ ఆమ్లాన్ని తానే వండుకోవాలి. మనం వండుకోలేము, ఆకుకూరల నుంచి తెచ్చుకుంటాము. ఆ వంటకు కావలసిన ముడిసరుకు పారా అమినో బెంజోయిక్ ఆమ్లం. పాత సల్ఫా మందులు వంట మధ్యలో ఆ సరుకు వేషం వేసుకుని దూరి చెడగొడతాయి. అబిస్సోమైసిన్ అంతకుముందే, సరుకు తయారయ్యే చోటనే పొయ్యి ఆర్పివేస్తుంది. మన ఇంట్లో ఆ పొయ్యే లేదు గనక మనకు హాని ఉండకూడదన్నది తర్కం. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో నిర్మించిన లెడర్లీ బృందానికి పెద్ద మన సుబ్బారావుగారే. భీమవరం మనిషి తెరిచిన తలుపు దగ్గరే, అరవై ఏళ్ల తరువాత, జపాన్ సముద్రపు జీవి వచ్చి నిలబడింది. ఆ ద్రవ్యం ఇంతవరకు మందుగా మారలేదు. పాత్రలో పనిచేసినది దేహంలో పనిచేయాలంటే మధ్యలో చాలా ఏళ్లూ చాలా ధనమూ కావాలి, రెండూ ఈ రంగంలో కొరతే.

మందుగా మారి, మారుమూల మరిపెడకు కూడా చేరిన సముద్రజనితం ఒక్కటి ఉంది. 1945లో ఇటలీలోని సార్డీనియా ద్వీపంలో, కాల్యరీ పట్టణంలో బ్రొట్సు అనే వైద్యాచార్యుడు ఒక వింత గమనించాడు: ఊరి మురుగు వచ్చి కలిసే చోట సముద్రంలో ఈదే కుర్రవాళ్లకు కూడా టైఫాయిడ్ రావలసినంతగా రావడం లేదు. ఆ మురుగునోటి దగ్గరి నీళ్లలో నుంచి సెఫలోస్పోరియం అనే శిలీంధ్రాన్ని వేరుచేసి, తన దగ్గర వసతులు లేక, చివరకు ఆక్స్‌ఫర్డ్‌కు పంపాడు. 1955లో అక్కడి న్యూటన్, ఏబ్రహాంలు దాని నుంచి సెఫలోస్పోరిన్ సి వెలికితీశారు. నేటి సెఫ్ట్రియాక్సోన్ ఆ వంశపు మనుమరాలు. జ్వరం రెండు రోజులు తగ్గకపోతే మా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి "సూది వెయ్యి" అంటారే, ఆ సీసాలోని తెల్లపొడికి పుట్టిల్లు ఒక సముద్రతీరపు మురుగుకాలువ.

ఆ సూదిని ఎలా వాడుకున్నామన్నది చేదు మాట. మా తమ్ముడు ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత పుండు మానక, నగరంలో ఒక ఆసుపత్రిలో చాలా రోజులు పడుకున్నాడు. కల్చర్ రిపోర్టు నా చేతికిచ్చారు. ఎడమవైపు మందుల పేర్లు, కుడివైపు ఒక్కొక్క అక్షరం. వరసగా 'ఆర్', 'ఆర్', 'ఆర్'. సెఫ్ట్రియాక్సోన్ ఎదుట కూడా అదే అక్షరం. అంటే ఆ క్రిమి లొంగదు అని. కిందనెక్కడో కోలిస్టిన్ ఒక్కదాని ఎదుట వేరే అక్షరం ఉంది. వృక్షశాస్త్రం బోధించినవాడిని, ఆ కాగితం చదవడం నాకు తెలుసు, తెలియని తమ్ముడి కొడుకు "బాగానే ఉందా పెద్దనాయనా?" అని అడిగితే ఏమి చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. కోలిస్టిన్‌ను కోళ్ల దాణాలో కలిపి పెట్టడాన్ని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. అదే 2019లో ప్రపంచమంతటా మందులకు లొంగని బాక్టీరియాల వల్ల నేరుగా 12 లక్షల 70 వేల మంది మరణించారని తరువాత లాన్సెట్‌లో లెక్క వచ్చింది. ప్రపంచానికి మందులు చేసి పెట్టే పటాన్‌చెరులో, శుద్ధిచేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కొత్త మందు కోసం సముద్రపు అడుగుకు దిగవలసిన అగత్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు.

భాష గురించి రెండు మాటలు చెప్పకపోతే నా వయసుకు న్యాయం కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినప్పుడు తెలుగులో శాస్త్రం చెప్పగలమా అన్న ప్రశ్నకు గ్రంథాలతోనే జవాబిచ్చారు. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రం ఆ మండలి ప్రచురణే. హనుమకొండలో 1904 నుంచి వెలుగుతున్న రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయంలో చెదలు పట్టిన అటువంటి పుస్తకాలను తిరగేస్తూ నేను పెరిగాను. యాంటీబయాటిక్‌ను పాఠ్యగ్రంథాలు సూక్ష్మజీవనాశకం అంటాయి. అది నోరు తిరగని మాట. గ్రంథకర్త్రి శాస్త్రం చెప్పేచోట ప్రతిజీవకమనీ, వీధి మాట చెప్పేచోట యాంటీబయాటిక్ అనీ వాడింది. నేను మొదట అభ్యంతరపెట్టాను, తరువాత ఒప్పుకున్నాను. జన్యుసమూహాలను చదివి, జీవిని పెంచకుండానే అది ఏ మందు చేయగలదో ఊహించే కొత్త విద్య గురించిన ఎనిమిదో అధ్యాయం మాత్రం పరుగు మీద నడిచింది. మరో ఇరవై పుటలు రాయవలసింది. పదసూచి లేదు. రెండో ముద్రణలో ఈ రెండు లోపాలూ తీరుతాయని మాట తీసుకున్నాను.

రాతప్రతి ఇవ్వడానికి మరిపెడ వచ్చినప్పుడు ఆమె ఒక చిన్న సీసాలో విశాఖ అడుసును కూడా తెచ్చింది, బూడిదరంగులో, కాటుకలా మెత్తగా. మేమిద్దరం వాళ్లింటి అరుగు మీద కూర్చున్నాము. తండ్రికి ఇప్పుడు సారె తిప్పే ఓపిక లేదు, చూపు కూడా ఆనదు. కూతురు రాతప్రతి చేతిలో పెడితే అట్టను తడిమి పక్కన పెట్టాడు. సీసా ఇస్తే మూత తీసి, ఇంత ముద్ద వేళ్ల మధ్య తీసుకుని నలిపి, వాసన చూసి, నాలుక కొసకు తాకించబోతే కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన చాలాసేపు నలుపుతూనే ఉన్నాడు. "మెత్తదనం మన చెరువు మన్ను లెక్కనే ఉంది సార్," అన్నాడు చివరికి, "గని సారె మీద నిలువదు. ఉప్పు మన్ను. కాలిస్తె తెల్లగ పూస్తది."

ఆ మాటను ఆమె అక్కడికక్కడే తన నోటుపుస్తకంలో రాసుకుంది.

మరిపెడ,
శ్రావణ పౌర్ణమి.